మంచు దేశాల కొండవాలుల మీద మట్టి నెమ్మదిగా కదలడం: పాత వాతావరణం, పాత కార్చిచ్చులు ఏం చేశాయి?

అమలాపురం దగ్గర నుంచి రాసిన మిత్రులకు నమస్కారమండి. మిగతావాళ్లకూ అర్థమయ్యేలా మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను. చలి దేశాల్లో కొండవాలు మీద మట్టి ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లో, సెంటీమీటర్లో కిందికి జరుగుతుందని మీరు చదివారు. వేల ఏళ్ల కిందటి వాతావరణం, అప్పటి కార్చిచ్చులు ఆ వేగాన్ని మార్చాయనీ చదివారు. మంచు నేలలో మంటేమిటి, అది మట్టిని ఎలా కదిలిస్తుంది, అంత నెమ్మది కదలికను వేల ఏళ్ల వెనక్కి ఎలా లెక్కేస్తారు, మన గోదావరి ఒండ్రుకు దీనితో ఏమైనా సంబంధం ఉందా అని అడిగారు.

ముందు సూటిగా సమాధానం. చలి రాతిని పగలగొట్టి మట్టిని సిద్ధం చేస్తుంది. కరిగిన నీరు ఆ మట్టిని కదిలిస్తుంది. పైన ఉన్న నాచు దుప్పటిని కార్చిచ్చు కాల్చేస్తే, కొన్నేళ్ల నుంచి కొన్ని దశాబ్దాల దాకా ఆ కదలిక పెరుగుతుంది. అందుకే ఇవాళ ఒక వాలు మీద కనిపించే మట్టి మందానికీ మడతలకూ ఇవాళ్టి వాతావరణం ఒక్కటే కారణం కాదు, చాలావరకు పాతకాలపు పని అది. గోదావరి ఒండ్రుకు మంచుతో సంబంధం లేదు. కానీ గతంలో జరిగిన మార్పు ఇవాళ్టి మట్టిలో మిగిలిపోవడం మన దగ్గరా ఉంది. దాని సంగతి చివర్లో చెబుతాను.

నేను భూగర్భశాస్త్రం చదివినవాడిని, మాదీ గోదావరి జిల్లాయే. హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ వైపు చెట్లు ఆగిపోయే ఎత్తుకు పైన, వాలుల మీద మేకులు పాతి మట్టి కదలికను కొలిచే పని చేశాను. తర్వాత మారేడుమిల్లి కొండల్లోనూ, డెల్టా కాలువగట్ల మీదా మట్టి చూశాను. కింద రాసేదాంట్లో అలాస్కా, నార్వే సంగతులు ఇతరుల పరిశోధనల నుంచి తెలుసుకున్నవి. వాలు మీద నిలబడి తవ్వి చూసిన సంగతులు నావి.

మట్టి ఎలా కదులుతుందో ముందు చూద్దాం. నేలలో నీరు గడ్డకడితే ఘనపరిమాణం 9 శాతం పెరుగుతుందని అందరికీ తెలుసు. అసలు సంగతి అంతకంటే పెద్దది. సన్నని ఒండ్రు రేణువులున్న మట్టిలో గడ్డకట్టే అంచు కింది నుంచి నీటిని పైకి లాక్కుంటుంది. ఆ నీరు పలకలు పలకలుగా మంచు కడుతుంది. దాంతో నేల కొన్ని సెంటీమీటర్లు పైకి ఉబ్బుతుంది. ఉబ్బేటప్పుడు వాలుకు లంబంగా లేస్తుంది, కరిగాక దాదాపు నిలువుగా దిగుతుంది. ఈ రెండింటి మధ్య తేడాయే ఒక అడుగు. 15 డిగ్రీల వాలు మీద నేల 5 సెంటీమీటర్లు ఉబ్బితే, దిగేటప్పటికి గరిష్ఠంగా సుమారు 1.3 సెంటీమీటర్లు కిందికి వస్తుంది. మట్టి రేణువుల మధ్య పట్టు వల్ల కొంత వెనక్కి లాగుతుంది కాబట్టి నిజంగా జరిగేది అంతకంటే తక్కువే. చార్లెస్ డేవిసన్ 1889లోనే దీన్ని ప్రయోగం చేసి చూపించాడు.

రెండో పద్ధతి కరిగే కాలంలో పనిచేస్తుంది. పైపొర కరుగుతుంది, కింద ఇంకా గడ్డకట్టే ఉంటుంది. కరిగిన నీరు దిగడానికి దారి ఉండదు. తడిసి ముద్దయిన మట్టి తన బరువుతోనే మెల్లగా సాగుతుంది. 1906లో స్వీడన్ శాస్త్రవేత్త జె. జి. ఆండర్సన్ ఫాక్‌లాండ్ దీవుల్లో చూసినదాన్ని ఆధారం చేసుకుని దీనికి సోలిఫ్లక్షన్ అని పేరు పెట్టాడు. ఇప్పుడు ఈ రెండు పద్ధతులనూ కలిపి ఆ పేరుతోనే పిలుస్తున్నారు. ఇలా సాగిన మట్టి వాలు మీద నాలుకల ఆకారంలో ముందుకొస్తుంది. ముందు అంచు మోకాలెత్తు నుంచి నడుమెత్తు దాకా, గడ్డి కప్పుకుని గుండ్రంగా ఉంటుంది. లాహౌల్‌లో గొర్రెల కాపరులు ఆ అంచుల పక్కనే గాలికి చాటుగా కూర్చుంటారు.

ఇక వాతావరణం. చలి ఎక్కువైతే మట్టి ఎక్కువ కదులుతుందనుకోవడం సరికాదు. ఈ విషయంలో చాలామంది తడబడతారు. ఎండిన, గడ్డకట్టిన చలిలో మట్టి రాయిలా ఉంటుంది, కదలదు. కావలసినవి మూడు: గడ్డకట్టడం-కరగడం మళ్లీ మళ్లీ జరగాలి, నీరు ఉండాలి, సన్నని మట్టి ఉండాలి. కొలరాడో ఎత్తైన కొండల మీద జేమ్స్ బెనెడిక్ట్ చేసిన కొలతల్లో (1970లో అచ్చయ్యాయి) నీరు నిలిచే చోట్లే కదలిక బాగా కనిపించింది. అక్కడి నాలుకల్లో కొన్ని ఒకప్పుడు ఇప్పటికంటే వేగంగా కదిలాయని కూడా ఆయన తేల్చాడు.

లోతు కూడా పట్టించుకోవాలి. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే కొండల మీద పై కొద్ది సెంటీమీటర్లే చురుగ్గా కదులుతాయి. పెర్మాఫ్రాస్ట్, అంటే కనీసం వరసగా రెండేళ్లు సున్నా డిగ్రీలకు మించకుండా ఉండే నేల, ఉన్నచోట వేసవిలో పైన అర మీటరో, మీటరో కరుగుతుంది. కొన్నిచోట్ల ఆ మందమంతా ఒకే దిమ్మలా జారుతుంది. పైన 10 సెంటీమీటర్ల మందం ఏడాదికి 1 సెంటీమీటరు కదలడం ఒక ఎత్తు. 60 సెంటీమీటర్ల మందం అర సెంటీమీటరే కదిలినా, మొత్తం మట్టి లెక్కన అది మూడు రెట్లు. అందువల్ల పై మేకు ఎంత జరిగిందో చూసి సంబరపడితే లాభం లేదు. మేము లాహౌల్‌లో మెత్తని గొట్టాలను కూడా నిలువుగా పాతేవాళ్లం. తర్వాతి సీజన్లో పక్కనుంచి తవ్వి అవి ఎక్కడ ఎంత వంగాయో చూసేవాళ్లం. పైన కదలిక బాగా కనిపించిన చోట కింద గొట్టం నిటారుగా ఉండడం చాలాసార్లు చూశాం.

గతంలోకి వెళ్తే, సుమారు 21,000 ఏళ్ల కిందట చివరి మంచుయుగం తారస్థాయిలో ఉంది. అప్పుడు హిమానీనదాలు చేరని ప్రాంతాలు కూడా చలితో గట్టిగా ప్రభావితమయ్యాయి. అమెరికాలోని ఓరెగాన్ తీరపు కొండలను ఇవాళ చూస్తే వాన, పచ్చని అడవి కనిపిస్తాయి. అక్కడి లిటిల్ లేక్ అనే పాత చెరువు మట్టిని 2015లో అచ్చయిన పరిశోధన పరీక్షించింది. మంచుయుగంలో అక్కడి కొండల కోత ఇప్పటితో పోలిస్తే రెండున్నర రెట్లు ఉందని తేల్చింది. హిమానీనదాలు లేకపోయినా, చలి రాతిని పగలగొట్టి వాలు మీదికి అంత మట్టిని తెచ్చిందన్నమాట. రాతి పగుళ్లలో మంచు బాగా పెరిగేది దాదాపు మైనస్ 3 నుంచి మైనస్ 8 డిగ్రీల మధ్య అని లెక్కలున్నాయి. ఒక కొండ ఎన్ని వేల ఏళ్లు ఆ ఉష్ణోగ్రతల్లో గడిపిందో అన్నదాన్ని బట్టి దాని మీద మట్టి సిద్ధమై ఉంటుంది.

ఆ మట్టి అక్కడే ఉండిపోతుందని మర్చిపోవద్దు. ఇంగ్లండ్‌లో కెంట్ దగ్గర సెవెనోక్స్ బైపాస్ రోడ్డు పని 1960ల మధ్యలో ఆగిపోయింది. చాలా తక్కువ వాలున్న పొలాల్లో తవ్వకం మొదలుపెట్టగానే నేల జారింది. మంచుయుగం చివర్లో కిందికి సాగి ఆగిపోయిన బంకమట్టి నాలుకలు అవి. లోపల పాత జారుడు తలాలు నున్నగా అలాగే ఉన్నాయి. కాలువ తవ్వే, రోడ్డు వేసే ఇంజినీర్లు మీ దగ్గర ఎవరున్నా ఈ కేసు చదవమని చెప్పండి.

ఇప్పుడు మంట సంగతి. మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

టండ్రాలో (చెట్లు పెరగని ఉత్తరపు చలి నేలల్లో), ఉత్తర అడవుల్లో నేల మీద నాచు, సగం కుళ్లిన ఆకులు, పీట్ (తడిలో పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న మొక్కల పొర) మందంగా పేరుకుని ఉంటాయి. అది వేడిని కిందికి దిగనివ్వదు. చేపల రేవుల్లో ఐసు దిమ్మల మీద వరి ఊక కప్పితే మధ్యాహ్నపు ఎండలోనూ దిమ్మ నిలుస్తుంది కదా, అలాగన్నమాట. వేసవిలో ఆ నాచు ఎండిపోతే పిడుగు చాలు. కాలిపోయాక జరిగేవి ఇవి: కప్పు పోతుంది. నేల నల్లబడి ఎండను ఎక్కువ పీల్చుకుంటుంది. నీరు తాగే మొక్కలు లేక నేలలో తేమ పెరుగుతుంది. మట్టిని పట్టి ఉంచే వేళ్లు చనిపోతాయి. ఈ నాలుగూ కలిసి వేసవిలో కరిగే పొరను కిందికి దింపుతాయి. ఎన్నో తరాలుగా కరగని మంచు పలకలు ఆ లోతులో ఉంటే అవి నీరవుతాయి. ఆ నీటికి పోయే దారి ఉండదు. అప్పుడే మట్టి సాగుతుంది. వాలు ఎక్కువగా ఉంటే పైపొర మొత్తం చాపలా ఊడి జారుతుంది కూడా. కెనడాలో మెకెంజీ లోయలో కార్చిచ్చుల తర్వాత ఇలాంటి జారుళ్లను నమోదు చేశారు.

టండ్రాలో మంటలు అరుదు, కానీ లేకపోలేదు. 2007 జులైలో అలాస్కా ఉత్తర వాలులో అనాక్టువుక్ నది దగ్గర పిడుగు పడి మొదలైన మంట అక్టోబరు దాకా రగిలింది. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా కాలింది, అంటే మన కోనసీమ జిల్లాలో దాదాపు సగం. దాదాపు 21 లక్షల టన్నుల కార్బన్ గాలిలో కలిసింది. తర్వాతి ఏళ్లలో అక్కడ నేల కుంగి గుంటలు పడింది.

మరి పాత మంటలు? చెరువుల అడుగు మట్టిలో బొగ్గు నలుసులు పొరలుగా ఉంటాయి, వాటితో లెక్కేస్తారు. అలాస్కాలోనే సుమారు 14,000 నుంచి 10,000 ఏళ్ల కిందట, పొట్టి బర్చి పొదలు దట్టంగా పెరిగిన కాలంలో, టండ్రా సగటున 140 ఏళ్లకోసారి కాలిందని 2008లో ఒక పరిశోధన తేల్చింది. వాతావరణం వేడెక్కడం, పొదలు రావడం, మంటలు పెరగడం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఒక వాలు చరిత్రలో వాతావరణాన్ని, మంటను రెండు వేరు వేరు కారణాలుగా రాస్తే నాకు అందుకే మింగుడుపడదు. ఏది మండాలో, ఎప్పుడు ఎండాలో వాతావరణమే నిర్ణయిస్తుంది. మంట మాత్రం ఆ మార్పు ఫలితాన్ని కొన్నేళ్లలోనే నేల లోతుకు చేరుస్తుంది.

ఇందులోంచి నేను నమ్మేది ఒకటుంది. "ఏడాదికి ఇన్ని మిల్లీమీటర్లు" అనే సగటు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. వెయ్యేళ్లలో 5 మీటర్లు కదిలిన నాలుక ఏటా 5 మిల్లీమీటర్ల చొప్పున బుద్ధిగా నడిచి ఉండదు. చలి తిరిగి పెరిగి నీరు ఎక్కువైన కొన్ని శతాబ్దాల్లో, మంట తర్వాతి కొద్ది దశాబ్దాల్లో ఎక్కువ దూరం పోయి, మిగతా కాలమంతా దాదాపు నిలబడి ఉండవచ్చు. నాచు తిరిగి పెరిగితే కరిగే లోతు మళ్లీ తగ్గుతుంది. కానీ పెర్మాఫ్రాస్ట్ అప్పటికే సున్నాకు దగ్గరగా వెచ్చగా ఉన్నచోట అది తిరిగి రాకపోవచ్చు కూడా. అలాస్కా లోపలి భాగాల్లో ఉత్తరం వైపు వాలుల్లోనే పెర్మాఫ్రాస్ట్ ఎక్కువ, ఎండ తగిలే దక్షిణపు వాలుల్లో చాలాచోట్ల ఉండదు. ఒకే కొండ, ఒకే మంట. ఫలితం మాత్రం రెండు వైపులా ఒకటి కాదు.

తేదీలు ఎలా కడతారో కూడా అడిగారు. నాలుక ముందుకొచ్చేటప్పుడు తన ముందున్న గడ్డినీ నల్లమట్టినీ తన కిందే పూడ్చుకుంటూ వస్తుంది. ముందు అంచు నుంచి లోపలికి కందకం తవ్వితే అడుగున ఆ నల్లని చార కనిపిస్తుంది. కార్చిచ్చు జరిగి ఉంటే అందులో బొగ్గు ఉంటుంది. రేడియోకార్బన్ పద్ధతిలో (ఆ కార్బన్ 5,730 ఏళ్లకు సగమవుతుంది, దాదాపు 50,000 ఏళ్ల దాకా పనికొస్తుంది) వేర్వేరు చోట్ల తేదీ కడితే, లోపలికి పోయేకొద్దీ వయసు పెరుగుతుంది. దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం వస్తుంది.

చదవడానికి తేలికగానే ఉంటుంది, చేతికి వచ్చేసరికి చిక్కులున్నాయి. బొగ్గు తేదీ చెట్టు పెరిగిన కాలాన్ని చెబుతుంది, కాలిన రోజును కాదు. చలిలో ఎండుమాను వందల ఏళ్లు కుళ్లకుండా ఉంటుంది, అది కాలితే తేదీ అన్ని వందల ఏళ్లు వెనక్కి పోతుంది. అందుకని కొమ్మ చివరలు, ఆకులు, గింజలు ఏరుకోవాలి. గడ్డకట్టి కరగడంలో మట్టి పైకీ కిందికీ కలిసిపోతుంది కూడా. లాహౌల్‌లో ఒక కందకంలో నల్లచార మెలికలు తిరిగి, ఒకే నిలువు గీతలో రెండుసార్లు కనిపించింది. అలాంటి చోట నమూనా తీయకుండా వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం. ఎంత ఖరీదైన పరీక్ష చేయించినా అక్కడి సంఖ్యకు అర్థం ఉండదు.

ఇంకొక్క జాగ్రత్త. నాలుక కింద బొగ్గు దొరికిందంటే మంట ముందు, కదలిక తర్వాత అని మాత్రమే తేలుతుంది. మంట వల్లే కదిలిందని తేలదు. పక్కనున్న, కాలని వాలులు కూడా అదే కాలంలో కదిలి ఉంటే కారణం వాతావరణమే. కాలినవీ కాలనివీ పక్కపక్కన పెట్టి చూడని వాదనను నేను ఒప్పుకోను.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. గోదావరి పుట్టే త్ర్యంబకం కొండలు గానీ, శబరికి నీరిచ్చే తూర్పు కనుమలు గానీ ఉష్ణమండలంలో ఉన్నవి, 1,700 మీటర్లు దాటనివి. లంబసింగిలో కొన్ని తెల్లవారుజాముల్లో గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుంటుంది. కానీ ఆ చలి నేల లోపలికి దిగి ఏటా పలకలు కట్టేంతది కాదు. మంచుయుగంలోనూ ఇక్కడ పెర్మాఫ్రాస్ట్ లేదు. అప్పటి ప్రభావం మన మీద సముద్రం వైపు నుంచి వచ్చింది. నీటిమట్టం ఇప్పటికంటే 120 మీటర్లకు పైగా కిందికి పోయింది, నది ముఖద్వారం దూరంగా జరిగింది. సముద్రం తిరిగి పైకి వచ్చి నిలకడపడ్డాక, గత ఆరేడు వేల ఏళ్లలో, మనం ఇవాళ కొబ్బరి, వరి వేస్తున్న డెల్టా పెరిగింది.

మన పరీవాహకంలో పాత వాతావరణం మట్టిని ఎలా కదిలించిందో చెప్పే మంచి ఆధారం ఒకటుంది. 2006లో గోదావరి ముఖద్వారాలకు ఎదురుగా బంగాళాఖాతంలో, 1,268 మీటర్ల నీటి లోతున, సముద్రపు అడుగు మట్టిని గొట్టంతో తీశారు. దాన్ని చదివినవాళ్లు సుమారు 4,000 ఏళ్ల కిందట, ఆ తర్వాత సుమారు 1,700 ఏళ్ల కిందట ఎండను తట్టుకునే మొక్కలు పెరిగాయని చూపించారు. తర్వాతి కాలపు పొరల్లో దక్కన్ నల్లరాతి మట్టి వాటా పెరిగింది. వానలు తగ్గి పచ్చదనం పలచబడడం, దానికి తోడు సేద్యం విస్తరించడం కోతను పెంచాయని వాళ్ల నిర్ధారణ. మంచు దేశాల్లో నేల మీద కప్పు తీసేసింది మంటయితే, ఇక్కడ కరువూ నాగలీ.

మంట విషయంలో పోడును చాలామంది అడుగుతారు. మారేడుమిల్లి వైపు పాత పోడు వాలుల అడుగున తవ్వితే బొగ్గు చారలు దొరికాయి. వాటిని మంచు దేశపు చారల్లా చదవకూడదు. చారల మధ్య ఇసుక, మెత్తని మట్టి వేరు వేరుగా తేరి ఉన్నాయి. అంటే తొలకరి వానకు కొట్టుకొచ్చి పరుచుకున్న మట్టి అది, మెల్లగా సాగి వచ్చింది కాదు. మన దగ్గర కాలిన వాలుకు ప్రమాదం మొదటి రెండు మూడు గట్టి వానల్లోనే. గడ్డీ వెదురూ లేచాక చాలావరకు సర్దుకుంటుంది.

నిజమైన పోలిక కావాలంటే మీ ఊళ్లోనే, రేగడి మట్టితో పోసిన కాలువగట్టు మీద చూడండి. ఎండాకాలంలో బీటలు తీసి కుంచించుకుపోతుంది, వానలకు ఉబ్బుతుంది. వాలుకు లంబంగా ఉబ్బి, నిలువుగా దిగి, ప్రతి ఏడూ కొంచెం కాలువ వైపు జరుగుతుంది. పైన చెప్పిన మంచు లెక్కే, మంచు బదులు తేమ. గట్టు మీద కొబ్బరిచెట్టు వంగింది కదా అని దాన్ని సాక్ష్యంగా తీసుకోకండి. కొబ్బరి వెలుతురు కోసం, నీటి వైపు ఎలాగూ వంగుతుంది. కంచె రాళ్లు, కరెంటు స్తంభాలు నమ్మదగ్గవి.

మీరు చదువుకుంటున్నవారైతే, ఖర్చు లేకుండా ఇలా చేయండి. గట్టు వాలు మీద పైనుంచి కిందికి ఒకే వరసలో, అరచేయి పొడవుకు మించని పొట్టి ఇనుప మేకులు దిగగొట్టండి. గట్టుకు దూరంగా, కదలని సిమెంటు తూము గోడ మీద ఒక గుర్తు పెట్టుకుని, అక్కడి నుంచి దారం కట్టి కొలవండి. మే చివర్లో ఒకసారి, వానలు తగ్గాక నవంబరులో ఒకసారి చాలు. కనీసం మూడేళ్లు కొలవండి, ఒక్క ఏడాది లెక్కను ఎక్కడా రాయకండి. కాలువ కట్టేసిన రోజుల్లో నీరు ఒక్కసారిగా దిగిపోతే గట్టు జారవచ్చు, ఆ తేదీలు విడిగా రాసి పెట్టుకోండి. పూడిక తీయడానికి మిషన్ వచ్చిన ఏడాది లెక్క మొత్తం పక్కన పెట్టేయండి. గట్టు మీద పనికి ముందు నీటిపారుదల శాఖ వాళ్లకు ఒక మాట చెప్పండి. కొలతలు వచ్చాక ఇక్కడే పెట్టండి, కలిసి చూద్దాం.